పాత స్పోర్ట్స్ కారు కొని మళ్లీ రోడ్డెక్కించడం ఎలా?

"పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొని బాగు చేసుకోవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లు చాలామంది. అంతకంటే ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇంకొకటి ఉంది: "కొనేశాను. పదేళ్లుగా కదల్లేదట. కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టొచ్చా?" కొట్టొద్దు. ఎందుకు వద్దో 7వ అంశంలో వివరంగా ఉంది, కానీ మిగతావి దాటేసి అక్కడికి వెళ్లకండి.

ఈ గైడ్ 1960ల నుంచి 1990ల మధ్య వచ్చిన రెండు సీట్ల మామూలు స్పోర్ట్స్ కార్ల గురించి. కారు మొత్తం ఊడదీసి కొత్తదానిలా చేసే పద్ధతి ఇందులో లేదు. పూర్తిగా ఉన్న కారు కొని, దాన్ని భద్రంగా నడిచే స్థితికి తెచ్చి, నడుపుతూ బాగు చేసుకోవడమే నేను గట్టిగా నమ్మే పద్ధతి. బాడీ చూసి కొనండి, పని బ్రేకులతో మొదలుపెట్టండి, రంగు చివరికి ఉంచండి. ఈ వరుస తారుమారు చేసినవాళ్ల కార్లే సగంలో ఆగిపోయి అమ్మకానికి వస్తుంటాయి.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

చోటు: పైకప్పు ఉండి, తడి చేరని, గట్టి కాంక్రీటు నేల. రెండు తలుపులూ పూర్తిగా తెరవగలగాలి. విప్పిన భాగాలు పెట్టుకోవడానికి అల్మారా కూడా కావాలి. కారు పట్టేంత చోటు మాత్రమే ఉంటే పని జరగదు.

పనిముట్లు: మంచి సాకెట్ సెట్టు, రింగు పానాలు, టార్క్ రెంచి, ట్రాలీ జాకీ, కనీసం 4 యాక్సిల్ స్టాండ్లు (ఎత్తిన కారుని మోసే కాళ్లు), మల్టీమీటర్, కంప్రెషన్ గేజి, ఫీలర్ గేజి, తుప్పు వదిలించే నూనె, మంచి టార్చి, పెట్రోలు మంటలకు పనికొచ్చే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. వెల్డింగ్ మెషిన్ ఇప్పుడే వద్దు.

పానాల విషయంలో ఒక జాగ్రత్త. ఆ కాలం బ్రిటిష్ కార్లలో చాలావరకు అంగుళాల కొలతల నట్లు ఉంటాయి. జపాన్, జర్మనీ, ఇటలీ కార్లు మిల్లీమీటర్లు. అర అంగుళం నట్టుకి 13 మిల్లీమీటర్ల పానా సరిపోయినట్టే కనిపిస్తుంది. గట్టిగా తిప్పితే మూలలు అరిగి నట్టు గుండ్రమైపోతుంది. కారు ఏదో తేలాకే సెట్టు కొనండి.

పుస్తకాలు: మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్, విడిభాగాల క్యాటలాగు. రెండోది చాలామంది కొనరు. ఏ వాషర్ తర్వాత ఏది వస్తుందో బొమ్మ వేసి చూపించేది అదే.

డబ్బు: చేతిలో ఉన్నదంతా పెట్టి కారు కొనొద్దు. కొన్న ధరలో కనీసం సగం మొదటి ఏడాది మరమ్మతులకి పక్కన ఉంచుకోవాలి. అలా కుదరకపోతే కొంచెం తక్కువ ధర మోడల్ చూడండి. అంతేకానీ అదే మోడల్‌లో పాడైన కారు చూడకండి.

1. మోడల్ ఎంచుకోవడం

మొదటి కారుగా అరుదైన మోడల్ వద్దు. అరుదైన కారుకి ముందు అద్దం పగిలితే దాని కోసమే ఏడాది వెతకాల్సి రావచ్చు. లక్షల్లో తయారైన కారైతే విడిభాగాలు కొత్తవే దొరుకుతాయి. మీకొచ్చిన ఇబ్బంది ఇదివరకే వందలమందికి వచ్చి, దానికి జవాబు కూడా దొరికి ఉంటుంది.

పని నేర్చుకోవడానికి బ్రిటిష్ కారు ఎంజీబీ చాలా మంచిది. 1962 నుంచి 1980 దాకా 5 లక్షలకు పైగా తయారయ్యాయి. 1.8 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, పెట్రోలుని గాలితో కలిపే కార్బురేటర్లు ఉంటాయి, కంప్యూటర్ లేదు. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ దీనికి కొత్త బాడీ షెల్లు తయారు చేయడం మొదలుపెట్టిందంటే, విడిభాగాలకి ఎంత గిరాకీ ఉందో అర్థం చేసుకోవచ్చు. అదే ఏళ్లలో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌కి ముందు భాగం మొత్తం ఒకే బానెట్‌గా ముందుకి లేస్తుంది. పక్కన కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు.

పని తక్కువ, నడపడం ఎక్కువ కావాలంటే 1989లో వచ్చిన మాజ్డా ఎంఎక్స్ 5, అంటే మియాటా. ఫ్యూయల్ ఇంజెక్షన్ కాబట్టి ఉదయాన్నే మొండికేయదు. 2016లో ఆ పేరుతో తయారైన కార్ల సంఖ్య 10 లక్షలు దాటింది. పోర్షె 944 నడపడానికి అద్భుతం. కానీ ఆ ఇంజిన్‌లో వాల్వులు, పిస్టన్లు జతగా కదిలేలా చూసే టైమింగ్ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి. బెల్టు ఎప్పుడు మార్చారో రుజువు లేకపోతే ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. దాన్ని రెండో కారుగా చూడమంటాను. మొదటి తరం మియాటా 1.6 ఇంజిన్‌లో బెల్టు తెగినా కారు ఆగిపోతుంది తప్ప వాల్వులు వంగవు. అలాంటి చిన్న తేడాలే కొత్తవాళ్ల జేబుని కాపాడతాయి.

ఫైబర్‌గ్లాస్ బాడీ అయితే తుప్పు బాధే ఉండదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. లోటస్ ఎలాన్‌లో బాడీ ఫైబరే, కానీ లోపల వెన్నెముకలా ఉండే ఛాసిస్ ఉక్కుది. పాత కార్వెట్లలో ముందు అద్దం చుట్టూ ఉక్కు ఫ్రేము ఉంటుంది. తుప్పు అక్కడ, కంటికి కనిపించకుండా పడుతుంది.

ఇంకో మాట. సగం విప్పేసి డబ్బాల్లో పెట్టిన కారు ఎంత చవకగా వచ్చినా మొదటిసారి కొనొద్దు. ఆ డబ్బాల్లో ఏం లేదో మీకు తెలియదు, అమ్మేవాళ్లకీ గుర్తుండదు.

2. తుప్పు చూడటం

అసలు పరీక్ష ఇక్కడే. ఇంజిన్ పాడైతే ఇంకో ఇంజిన్ వేసుకోవచ్చు. బాడీ లోపల కుళ్లిపోతే, తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఒక చోట కోస్తే పక్క చోటా కోయాల్సి వస్తుంది.

పగటి వెలుతురులో, వాన లేనప్పుడు వెళ్లండి. తడిసిన రంగు లోపాలన్నీ దాచేస్తుంది. టార్చి, పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం, కింద పడుకోవడానికి చాప, పాత బట్టలు తీసుకెళ్లండి. కింద పడుకుని చూడటానికి మొహమాటపడితే ఆ బేరం వదులుకోవడమే మేలు.

ముందు తలుపు కింద రెండు చక్రాల మధ్య పొడవుగా ఉండే భాగం చూడండి. దాన్ని సిల్ అంటారు. పైకప్పు లేని కారుకి బలమంతా అక్కడే. అయస్కాంతం పట్టాల్సిన చోట పట్టకుండా జారుతుంటే లోపల ఇనుము బదులు పుట్టీ ఉందని అర్థం. తర్వాత కార్పెట్ ఎత్తి నేల చూడండి. తడిగా ఉంటే నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో కనిపెట్టాలి. మియాటాలో మడిచే టాప్ వెనక నీళ్లు పోయే రంధ్రాలు చెత్తతో మూసుకుపోతే నీళ్లు సిల్‌లోకి దిగి లోపలి నుంచి తినేస్తాయి. బయటికి బుడగలా కనిపించేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. డాట్సన్ 240 జెడ్ అయితే బ్యాటరీ పెట్టే పళ్లెం, దాని కింది భాగం తప్పకుండా చూడాలి.

తలుపు తెరిచి, చివర పట్టుకుని మెల్లగా పైకి ఎత్తండి. కదులుతోందా? కదలిక హింజిల దగ్గరే ఉంటే ఫర్వాలేదు, పిన్నులు మార్చుకోవచ్చు. హింజి బిగించిన స్తంభమే కదులుతుంటే అక్కడితో ఆపేయండి.

ఓపెన్ టాప్ కారుకి ఇంకో పరీక్ష ఉంది. యజమాని ఒప్పుకుంటే, తయారీదారు చూపించిన చోట జాకీ పెట్టి ఒక పక్క కొంచెం ఎత్తండి. ఎత్తకముందు, ఎత్తాక తలుపు చుట్టూ ఉన్న సందు పోల్చండి. సందు మారిపోయినా, తలుపు మూసుకోవడం బిగుసుకున్నా, బాడీ మధ్యలో వంగుతోందని అర్థం. జాకీ పెట్టిన చోట ఇనుము కరకరలాడితే ఇంకేం చూడక్కర్లేదు.

ఏ తుప్పు ఫర్వాలేదు, ఏది వద్దు? బోల్టులతో ఊడివచ్చే రేకులు, అంటే బానెట్, తలుపు, డిక్కీ మూత వంటివి తుప్పు పట్టినా మార్చుకోవచ్చు. సస్పెన్షన్ బిగించే చోట్లు, సిల్, ముందు అద్దం స్తంభాల అడుగు భాగం కుళ్లితే మొదటి కారుగా వద్దు.

కొత్తగా నిగనిగలాడే రంగు, కింద అంతా తాజాగా పూసిన నల్లటి అండర్‌కోటింగ్ కనిపిస్తే నాకు అనుమానం పెరుగుతుంది. పైన పటారం, లోన లొటారం అనే మాట ఇలాంటి కార్లకి సరిగ్గా సరిపోతుంది. వెలిసిపోయిన రంగుతో, కింద గట్టి ఇనుముతో ఉన్న కారు దొరికితే అదే కొనండి. రేకులకి వెల్డింగ్ చేసేటప్పుడు తీసిన ఫోటోలు అమ్మేవాళ్ల దగ్గర ఉంటే కొత్త రంగైనా నమ్మొచ్చు.

3. ఇంజిన్, గేరుబాక్సు చూడటం

మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవడంలో ఏదో ఇబ్బంది ఉండొచ్చు.

ఆయిల్ పోసే మూత తీయండి. లోపల తెల్లటి మీగడలాంటి పేరుకుపోయిన పదార్థం ఉంటే, కారు దగ్గరి దూరాలే తిరుగుతోందని అర్థం కావచ్చు, ఇంజిన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయిందనీ కావచ్చు. డిప్‌స్టిక్ మీద కూడా అలాగే ఉంటే రెండోదే అనుకోండి.

స్టార్ట్ చేశాక వెనక పొగ చూడండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నీలం పొగ వస్తే పిస్టన్ రింగులు అరిగాయి. కొంత దూరం పోయాక కాలు తీసేసి, మళ్లీ తొక్కినప్పుడు నీలం పొగ గుప్పున వస్తే వాల్వ్ గైడ్లు, సీళ్లు అరిగాయి. ఇంజిన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్ల పొగ వస్తుంటే కూలెంట్ లోపల మండుతోంది. నల్ల పొగకి కంగారు పడకండి, పెట్రోలు ఎక్కువ పోతోందంతే, సర్దుకోవచ్చు.

ఆయిల్ ప్రెషర్ గేజి ఉంటే ఇంజిన్ బాగా వేడెక్కాకే చూడాలి. చల్లగా ఉన్నప్పుడు అరిగిన ఇంజిన్ కూడా మంచి అంకె చూపిస్తుంది. వేడెక్కాక ప్రతి 1000 ఆర్‌పీఎంకి (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) సుమారు 10 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) ఉంటే ఆ కాలం ఇంజిన్లకి సాధారణంగా సరిపోతుంది. మీ మోడల్ అసలు అంకె మాన్యువల్‌లో చూసుకోండి.

కుదిరితే సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్ష చేయండి. ప్లగ్గులన్నీ తీసేసి, ఇగ్నిషన్, పెట్రోలు సరఫరా ఆపేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని, ఒక్కో సిలిండర్ ప్లగ్గు రంధ్రంలో గేజి పెట్టి, ఇంజిన్‌ని 5, 6 సార్లు తిప్పి అంకె రాసుకోండి. సిలిండర్ల మధ్య తేడా 10, 15 శాతం లోపల ఉంటే మంచిది. ఒకటి బాగా తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ వేసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు రెండూ తక్కువైతే గ్యాస్కెట్ ఆ మధ్యలో పోయి ఉండొచ్చు.

కొన్ని కార్లకి సొంత పరీక్షలుంటాయి. ట్రయంఫ్ కార్లలో ఒకరిని క్లచ్ తొక్కమని, మీరు ముందు వైపు క్రాంక్ పల్లీ చూడండి. కంటికి కనిపించేంత ముందుకు వెనక్కు కదిలితే లోపల క్రాంక్‌ని అలా జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగాయి. వాటిని పట్టించుకోకపోతే క్రాంక్, బ్లాకు రెండూ పాడవుతాయి. 1960, 70ల ఆల్ఫా రోమియో స్పైడర్‌లో చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు వేస్తే గరగరమనడం మామూలే. వేడెక్కాక కూడా తగ్గకపోతే సింక్రో (గేరు మెత్తగా పడేలా చేసే భాగం) ఖర్చు బేరంలో తగ్గించండి.

4. కాగితాలు, బేరం

ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కారు మీద ఉన్నవి మీ కళ్లతో చదివి కాగితాలతో పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా డబ్బు ఇవ్వకండి. పాత బిల్లుల కట్ట ఉంటే చదవండి. ఎంత ఖర్చు పెట్టారన్నది పక్కన పెట్టి, ఏ పని ఎన్నిసార్లు చేయించారో చూడండి. ఒకే పనికి మూడు బిల్లులుంటే అసలు జబ్బు ఇంకా దొరకలేదన్నమాట.

మొదట చూసిన కారుకే మనసు ఇచ్చేయొద్దు. అదే మోడల్‌వి కనీసం మూడు చూడండి. మూడోది చూసేసరికి మొదటిదానిలో ఏం తప్పో మీకే తెలుస్తుంది.

5. ఇంటికొచ్చాక మొదటి వారం

పానా పట్టకండి. నాలుగు వైపులా, కింద, ఇంజిన్ చుట్టూ ఫోటోలు తీయండి. ప్రతి వైరు, ప్రతి పైపు ఎటు వెళ్తోందో కనిపించాలి. తర్వాత కాగితం మీద మూడు జాబితాలు రాయండి: ప్రాణానికి ముప్పు తెచ్చేవి, దారిలో ఆపేసేవి, చూడటానికి బాగాలేనివి. మొదటి జాబితా పూర్తయ్యేదాకా మూడోదాన్ని ముట్టుకోవద్దు. సీట్లు, స్టీరింగు, క్రోమ్ మెరుగు చేసే పనులు మూడోదాంట్లోవే. అవి సులువుగా, సరదాగా ఉంటాయి కాబట్టే ముందు అటే చెయ్యి పోతుంది.

6. బ్రేకులు

ఇంజిన్ కన్నా ముందు ఇవి. స్టార్ట్ అయిన కారుని ఒక్కసారి నడిపి చూడాలనిపించడం ఖాయం. అప్పటికి బ్రేకులు సిద్ధంగా ఉండాలి.

హెచ్చరిక: జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎప్పుడూ వెళ్లొద్దు, ఒక్క నిమిషానికైనా. జాకీతో ఎత్తి, గట్టి చోట యాక్సిల్ స్టాండ్ల మీదికి దించి, చేత్తో ఊపి చూసి, అప్పుడు వెళ్లండి. పాత బ్రేక్ షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. గాలితో ఊదొద్దు, పొడిగా బ్రష్ చేయొద్దు. మాస్కు పెట్టుకుని, బ్రేక్ క్లీనర్‌తో తడిపి, గుడ్డతో తుడవండి.

ఏళ్ల తరబడి నిలిచిన కారుకి రబ్బరు బ్రేక్ గొట్టాలన్నీ మార్చేయండి. బయటికి బాగానే కనిపిస్తాయి, లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది. పెడల్ ఒత్తిడికి ఆయిల్ లోపలికి పోతుంది, తిరిగి రాదు. బ్రేక్ పట్టుకునే ఉండిపోతుంది. చాలామంది అది క్యాలిపర్ (డిస్క్‌ని ప్యాడ్లతో నొక్కే భాగం) తప్పనుకుని దాన్ని మార్చి, అప్పటికీ తగ్గక తల పట్టుకుంటారు. పరీక్ష సులభం: చక్రం బిగుసుకున్నప్పుడు బ్లీడ్ నిప్పుల్ (గాలి తీసే చిన్న స్క్రూ) కొంచెం వదులు చేయండి. చక్రం వదిలితే తప్పు గొట్టానిది లేదా అంతకు పైన ఉన్నదానిది. వదలకపోతే క్యాలిపర్ పిస్టన్ తుప్పు పట్టింది.

వీల్ సిలిండర్ల (బ్రేక్ షూలని తోసే చిన్న సిలిండర్లు) రబ్బరు మూత ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే మార్చాల్సిందే. ఇనుప పైపులు చేత్తో తడిమి చూడండి. పైపు మీద తుప్పు గుంటలు తగిలితే అదీ మార్చండి.

బ్రేక్ ఆయిల్ పూర్తిగా కొత్తది పోయాలి. మామూలు డాట్ 3, డాట్ 4 ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకి పడిపోవచ్చు. అప్పుడు పొడవాటి దిగుడులో బ్రేక్ మెత్తబడిపోతుంది. డాట్ 5 వేరు, అది సిలికాన్. దాన్ని మిగతావాటితో కలపకూడదు. డాట్ 5.1 మాత్రం సిలికాన్ కాదు. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల ఇక్కడ పొరపాటు జరుగుతుంది, డబ్బా రెండుసార్లు చదవండి.

బ్రేక్ పైపుల్లో గాలి తీసేటప్పుడు సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే భాగం) దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. కొన్ని కార్లకి వరుస మారుతుంది, మాన్యువల్ చూడండి. సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే పెడల్‌ని గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. మెల్లగా కిందికి జారితే లీకు ఉంది, లేదా మాస్టర్ సిలిండర్ రబ్బర్లు పోయాయి.

7. నిలిచిపోయిన ఇంజిన్‌ని లేపడం

సెల్ఫ్ ఎందుకు కొట్టొద్దంటే, ఏళ్లు నిలిచిన ఇంజిన్‌లో సిలిండర్ గోడల మీద ఆయిల్ పొర ఉండదు. రింగులు అతుక్కుని ఉండొచ్చు. టైమింగ్ బెల్టు గట్టిపడి ఉండొచ్చు. సెల్ఫ్ మోటారు బలంగా తిప్పితే విరిగేదాకా మీకు తెలియదు. అందుకని ఈ వరుసలో చేయండి.

క. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో ఒకట్రెండు చెంచాల పలుచని నూనె పోయండి. ఒక రాత్రి వదిలేయండి.

చ. గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పల్లీ బోల్టుకి సాకెట్ తగిలించి, ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే చేత్తో తిప్పండి. తిరగకపోతే బలం ప్రయోగించొద్దు. ఇంకా నూనె పోసి, రోజూ కొంచెం ప్రయత్నించండి. కొన్ని ఇంజిన్లు వారం తర్వాత వదులుతాయి. అప్పటికీ కదలకపోతే హెడ్ తీయాల్సిందే.

ట. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే, బెల్టు, దాని టెన్షనర్ ఇప్పుడే మార్చండి. బెల్టు చూడటానికి బాగానే ఉందన్న మాట పనికిరాదు.

త. పాత ఆయిల్ తీసి, ఫిల్టర్ మార్చి, కొత్తది పోయండి. ఆ కాలం ఇంజిన్లలో చాలావాటికి కామ్ మీద నేరుగా రాసుకుంటూ తిరిగే టాపెట్లు ఉంటాయి. వాటికి జింక్ ఎక్కువగా ఉన్న, పాత కార్ల కోసం తయారయ్యే ఆయిల్ వాడండి. ఎంజీబీ వంటివాటికి 20డబ్ల్యూ 50 చిక్కదనం ఉన్న ఆయిల్ వాడతారు.

ప. పాత పెట్రోలు వాడొద్దు. వార్నిష్ వాసన వస్తుంటే ట్యాంకంతా అదే. మొదటి స్టార్ట్‌కి ట్యాంకు కలపకుండా, చిన్న సరైన డబ్బా నుంచి తాజా పెట్రోలు ఇవ్వండి. పెట్రోలు రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే కొత్త రకానివి వేయండి. ట్యాంకు విప్పి, కడిగి, లోపల టార్చితో చూడండి. చిల్లు కనిపిస్తే ఇంట్లో వెల్డింగ్ చేయొద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలుతుంది.

య. ప్లగ్గులు పెట్టకుండానే, ఇగ్నిషన్ కాయిల్ వైరు తీసేసి, ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి. 10 సెకన్లు తిప్పి, కాసేపు ఆపి, మళ్లీ తిప్పండి. ఆయిల్ ప్రెషర్ గేజి లేచేదాకా ఇదే పని. మీ ఇంజిన్ ప్రాణం నిలబెట్టేది ఈ అడుగే.

ర. పాయింట్లు (నిప్పురవ్వ కోసం కరెంటు తెంచే చిన్న కాంటాక్టులు) ఉన్న ఇగ్నిషన్ అయితే వాటి మధ్య సందు మాన్యువల్ ప్రకారం సర్దండి. లూకాస్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్లలో చాలావాటికి 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఎస్‌యూ రకం కార్బురేటర్ల పైన డ్యాంపర్లో నూనె ఉందో లేదో చూడండి, అది లేకపోతే తొక్కగానే ఇంజిన్ తడబడుతుంది.

ల. ప్లగ్గులు పెట్టి, కూలెంట్ పోసి, ఎక్స్‌టింగ్విషర్ పక్కన ఉంచుకుని, తలుపులు తెరిచిన చోట స్టార్ట్ చేయండి. పోసిన నూనె మండి కొంతసేపు పొగ వస్తుంది, కంగారు వద్దు. ఆయిల్ ప్రెషర్ 10 సెకన్లలో రాకపోతే ఆపేయండి.

క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి అతుక్కుపోయి గేరు పడకపోతే, క్లచ్ పెడల్‌ని చెక్కముక్కతో కొన్ని రోజులు నొక్కి ఉంచండి. చాలాసార్లు అదే వదిలిపోతుంది.

8. కరెంటు

పాత బ్రిటిష్ కార్ల కరెంటుకి చెడ్డపేరు ఉంది. నా అనుభవంలో సగానికి పైగా తప్పులు ఎర్త్ (కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే జోడింపు) దగ్గరే ఉంటాయి. కొత్త సామాను కొనేముందు ప్రతి ఎర్త్ వైరు విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు రాయండి. ఒక దీపం వెలిగినప్పుడు ఇంకోటి మసకబారితే అది ఎక్కువగా ఎర్త్ లోపమే.

బ్యాటరీ పెట్టేముందు మీ కారు పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొన బాడీకి కలిపినది) అవునా కాదా చూసుకోండి. 1967 దాకా వచ్చిన ఎంజీబీలు అలాంటివే. తారుమారుగా పెడితే కొన్ని సామాన్లు అక్కడికక్కడే కాలిపోతాయి. ఆగి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ ఉన్న కారుకి 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి.

ఫ్యూజు పోతుంటే పెద్ద ఫ్యూజు వేయడం అన్నిటికంటే ప్రమాదం. వైరే ఫ్యూజులా కాలుతుంది.

9. టైర్లు, స్టీరింగ్, సస్పెన్షన్

టైరు గాడి లోతు చూసి మోసపోకండి. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. మూడే అంకెలుంటే అది 2000కి ముందుది, గాడి ఎంత లోతుగా ఉన్నా తీసేయండి. పదేళ్లు దాటిన టైరు మీద స్పోర్ట్స్ కారు నడపొద్దు.

ముందు చక్రం ఎత్తి, పైన కింద పట్టుకుని ఊపండి, తర్వాత అటూ ఇటూ. పైన కింద కదిలితే బేరింగు లేదా బాల్ జాయింటు, అటూ ఇటూ కదిలితే ఎక్కువగా స్టీరింగ్ జాయింట్లు. స్పిట్‌ఫైర్‌లో ముందు చక్రం కింది జాయింటుని ట్రనియన్ అంటారు. దానికి గ్రీజు కాకుండా గేరు ఆయిల్ పెట్టాలి. నిర్లక్ష్యం చేస్తే నడుస్తుండగా విరిగి చక్రం పడిపోతుంది. వైర్ చక్రాలుంటే చిన్న పానాతో ఒక్కో కమ్మీని తట్టండి. వదులుగా ఉన్నది మొద్దు శబ్దం చేస్తుంది.

10. మొదటి ప్రయాణం, ఫలితం చూసుకోవడం

ముందు ఇన్సూరెన్సు, కాగితాలు సరిచూసుకుని, ఖాళీ రోడ్డు మీద నడక వేగంతో బ్రేకు పరీక్షించండి. తర్వాత 30 కిలోమీటర్ల వేగంలో గట్టిగా తొక్కండి. ఒక పక్కకి లాగితే తిరిగి వచ్చేయండి.

కొన్ని కిలోమీటర్లు తిప్పాక ఆపి, ప్రతి చక్రం మధ్యభాగం దగ్గరికి చెయ్యి తీసుకెళ్లండి, ముట్టుకోవద్దు. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టుకుంటోంది లేదా బేరింగు బిగుసుకుంది. ఉష్ణోగ్రత ముల్లు ఒక చోటికి వచ్చి నిలబడాలి. నడుస్తున్నప్పుడు బాగుండి ట్రాఫిక్‌లో ఎక్కితే ఫ్యాన్. వేగంలో ఎక్కితే రేడియేటర్ లోపల పూడుకుంది. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దు.

ఇంటికొచ్చాక శుభ్రమైన అట్టముక్క కింద పరిచి రాత్రి వదిలేయండి. ఉదయం మరక రంగు చూస్తే ఎక్కడ కారుతోందో తెలుస్తుంది: నల్లది లేదా గోధుమది ఇంజిన్, ముదురుగా ఘాటు వాసనుంటే గేరు ఆయిల్, ఆకుపచ్చది కూలెంట్, పలుచగా లేత పసుపుదైతే బ్రేక్ ఆయిల్. చివరిది కనిపిస్తే ఆ రోజు కారు తీయొద్దు.

మొదటి 100 కిలోమీటర్ల తర్వాత చక్రాల నట్లు, సస్పెన్షన్ బోల్టులు టార్క్ రెంచితో మళ్లీ చూడండి. మొదటి 500 తర్వాత ఆయిల్ మార్చేయండి, లోపలి పాత మురికి అందులోకి దిగి ఉంటుంది.

ఎక్కువగా జరిగే తప్పులు

ఒకేసారి నాలుగు పనులు మొదలుపెట్టడం. కారు కదిలే స్థితిలో ఉంటేనే మీ ఉత్సాహం నిలుస్తుంది. ఒక పని విప్పారంటే అది బిగించాకే రెండోది.

బోల్టులన్నీ ఒకే డబ్బాలో వేయడం. ఒక్కో పనికి ఒక సంచి, మీద పేరు, తేదీ. ఆరు నెలల తర్వాత ఆ పొడవు బోల్టు ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు.

తుప్పు బోల్టుని ఒక్కసారిగా విరిచేయడం. నూనె పోసి ఒక రోజు ఆగండి, ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు తిప్పండి. పెట్రోలు, బ్రేక్ పైపులు, రబ్బరు దగ్గర లేకపోతే వేడి చేయొచ్చు.

ఓపెన్ కారు సిల్ కోసేయడం, అదీ కింద ఊతం లేకుండా. తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప కమ్మీలు బిగించి, బాడీ సమతలంగా నిలబెట్టి, ఒక్కో వైపే చేయాలి. అలా చేయకపోతే బాడీ వంగిన స్థితిలోనే వెల్డింగ్ అయిపోతుంది, ఆ తర్వాత తలుపు జన్మలో సరిగ్గా మూసుకోదు. తలుపులు తగిలించి సందులు చూసుకుంటూ వెల్డింగ్ చేయడం ఇందుకే. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు తీసేయండి.

రంగు ముందు వేయించడం. వెల్డింగ్, ఇంజిన్ దించడం, కరెంటు పనులు అన్నీ అయ్యాకే రంగు. మధ్యలో వేస్తే ప్రతి పనికీ ఒక గీత.

ఇక చివరగా ఎక్కువమంది అడిగేది: రెండో కారు ఎప్పుడు కొనొచ్చు? ఈ అభిరుచి పట్టుకుంటే వదలదు. మొదటి కారు విప్పి ఉండగానే చవకగా ఇంకోటి కనిపిస్తుంది, విడిభాగాలకి పనికొస్తుందని మనసు లాగుతుంది. మొదటిది ఒక ఏడాది పాటు ఆగకుండా తిరిగాక, 5వ అంశంలో చెప్పిన మొదటి జాబితాలో ఒక్క పని కూడా మిగలనప్పుడు కొనండి. అప్పుడు కూడా రెండోదానికి పైకప్పు కింద చోటు ఉందో లేదో ముందు కొలుచుకోండి. ఆరుబయట పెట్టిన కారు, మీరు మొదటిదాన్ని బాగు చేసే వేగం కన్నా వేగంగా పాడవుతుంది.